మేలిముసుగు కన్య ఎవరు? షెల్లీ ‘అలాస్టర్’లో కోరిక, ‘నేను’

నీలిసిరా
సోమవారం, రాత్రి 9:10

మిత్రులకు నమస్కారం. కొన్ని రోజులుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇంగ్లీషు కాల్పనిక కవులను ఇష్టంగా చదివినవారూ, మనోవిశ్లేషణ తెలిసినవారూ ఇక్కడ ఉన్నారు కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలకు షెల్లీ ‘అలాస్టర్’ చెబుతున్నాను. 1815లో రాసి, 1816లో అచ్చు వేసిన 720 పంక్తుల కావ్యం అది. కథ చిన్నదే. పేరు లేని ఒక యువకవి ఇల్లు విడిచి దేశాలు పట్టి తిరుగుతాడు. అరేబియా, పర్షియా దాటి కాశ్మీర లోయ చేరతాడు. అక్కడ ఒక రాత్రి కలలో మేలిముసుగు వేసుకున్న కన్య అతని పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతుంది. జ్ఞానం, సత్యం, స్వేచ్ఛ, కవిత్వం... అతనికి ప్రాణమైన సంగతులే ఆమె నోట వస్తాయి. ఆమె కూడా కవి. ఆలోచనలు సద్దుమణిగిన వేళ వినిపించే తన ఆత్మ గొంతులా ఆమె గొంతు ఉందంటాడు షెల్లీ. ఆమె అతన్ని దగ్గరకు తీసుకున్న క్షణంలోనే అంతా చీకటైపోతుంది. మెలకువ వచ్చాక అతనికి లోకంలో ఏమీ మిగలదు. ఆమెను వెతుకుతూ వెతుకుతూ ఎవరూ లేని చోట చనిపోతాడు.

ఇంతవరకు చెప్పాక వెనక బెంచీ అమ్మాయి ఒకరు లేచి, “మేడమ్, ఆమె అతని గొంతుతోనే, అతని మాటలే మాట్లాడితే, అతను ప్రేమించింది ఎవరిని?” అని అడిగింది.

నేను వెంటనే ‘ఆత్మరతి’ అన్నాను, అంటే తనను తానే ప్రేమించుకోవడం. 1914లో ఫ్రాయిడ్ నార్సిసిజం మీద రాసిన వ్యాసం గురించి రెండు ముక్కలు చెప్పాను. కావ్యంలోనే సాక్ష్యం ఉందని కొలను ఘట్టం కూడా చదివి వినిపించాను: ఒడ్డున పసుపుపచ్చ పూలు నీళ్లలో వాలిన తమ కళ్లనే ఎప్పటికీ చూసుకుంటూ ఉంటాయి, అదే కొలనులోకి కవి వంగి, పలచబడిన తన జుట్టు నీడలోంచి తన కళ్ల పాలిపోయిన వెలుగునే చూస్తాడు. పిల్లలు బుద్ధిగా ‘ఆత్మరతి’ అని రాసుకున్నారు. గంట మోగింది.

ఇంటికి వచ్చాక తృప్తిగా లేదు. ఆ మాట చెప్పగానే ఆ అమ్మాయి ముఖంలోని ఆసక్తి చప్పున ఆరిపోవడం చూశాను. ప్రశ్నకు జవాబు చెప్పానా, ప్రశ్నను ఆపేశానా? మీరైతే ఏం చెబుతారు?


పల్లేరు
సోమవారం, రాత్రి 10:32

నీలిసిరా గారూ, మీ అసంతృప్తి న్యాయమైనది. మనోవిశ్లేషణ చదువుకున్న విమర్శకులతో నాకు ఉన్న పేచీ అంతా ఇదే. కవిని మంచం మీద పడుకోబెట్టి జబ్బు పేరు రాసేస్తారు. జబ్బు పేరు తెలిశాక కవిత్వం ఎందుకు చదవాలి?

పైగా ఇక్కడ షెల్లీకి తెలియనిది ఏముంది? కావ్యం మొదట్లో సెయింట్ అగస్టీన్ మాట ఒకటి పెట్టాడు: ‘నేనింకా ప్రేమించలేదు, ప్రేమించడాన్ని ప్రేమించాను, దేన్ని ప్రేమించాలా అని వెతికాను’. ముందుమాటలో, ఈ కవి తనలాంటి మనసు కోసం దాహపడి తాను ప్రేమించే మనిషిని తానే ఊహించుకున్నాడని వచనంలో స్పష్టంగా రాశాడు. ఫ్రాయిడ్ పుట్టింది 1856లో. నలభై ఏళ్ల ముందే కవి చెప్పిన దాన్ని మళ్లీ కవి మీదే రోగంగా ప్రయోగించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆ కల నుంచి లేచినప్పటి పంక్తులు మీ పిల్లలకు చదివారా? తెల్లవారి చల్లని వెలుగు, పడమట కిందికి దిగిన నీలి చంద్రుడు, ఎవరూ లేని అడవి. ఆ ఖాళీని అతని కళ్లు ఎలా చూస్తున్నాయంటే, సముద్రంలోని చంద్రుడు ఆకాశంలోని చంద్రుణ్ణి చూస్తున్నంత శూన్యంగా. నీడ అసలును చూస్తోంది! ఇక్కడ ‘నేను’ ఎవరు, నీడ ఎవరు? ఈ ఒక్క పోలికలో ఉన్నంత ఆలోచన ‘ఆత్మరతి’ అనే మాటలో లేదు.


రాత్రిబడి
సోమవారం, రాత్రి 11:48

నేను ఎం.ఏ. విద్యార్థిని. ఈ సెమిస్టరులో ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్‌ను చదువుతున్నాను, సగం అర్థమవుతుంది, సగం కాదు. అయినా ఈ కావ్యానికి పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

లకాన్ మూడింటిని విడదీస్తాడు: అవసరం, అడగడం, కోరిక. ఆకలి అవసరం. దాన్ని ఇంకొకరికి మాటల్లో చెప్పుకోవాలి కాబట్టి అది అడగడంగా మారుతుంది. కానీ అడిగిన ప్రతిసారీ అన్నంతో పాటు ‘నన్ను ప్రేమించు’ అని కూడా అడుగుతాం. అన్నం పెట్టి ఆకలి తీర్చినా ఆ రెండోది తీరదు. అడిగిన దాంట్లోంచి అవసరాన్ని తీసేస్తే మిగిలేదే కోరిక. అందుకే దానికి సరిపోయే వస్తువు లోకంలో ఉండదు.

మేలిముసుగు కన్యను ఇలా చదివితే, ఆమె దొరకకపోవడం ప్రమాదం కాదనిపిస్తుంది. దొరకనిది కాబట్టే ఆమె ఆమె అయింది. తప్పయితే పెద్దలు సరిదిద్దండి.


కాగితప్పడవ
మంగళవారం, ఉదయం 6:55

రాత్రిబడి గారూ, బాగా చెప్పారు. మీరు చెప్పిన మూడూ నేను మా ఇంట్లో ప్రతి రాత్రీ చూస్తాను. మా నాలుగేళ్ల మనవడు దీపం ఆర్పగానే “అమ్మమ్మా, నీళ్లు” అంటాడు. తెస్తాను. రెండు గుక్కలు తాగి గ్లాసు ఇచ్చేస్తాడు. పడుకోగానే మళ్లీ “నీళ్లు”. మూడోసారి గ్లాసు ముట్టుకోడు, నా చీర కొంగు పట్టుకుంటాడు. అది దాహం కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ వాడి దగ్గర ఉన్న మాట ‘నీళ్లు’ ఒక్కటే.

నేను వృత్తిరీత్యా కౌన్సెలర్‌ను. బాలింతలతో, పసిపిల్లలతో ఇరవై ఏళ్లు పనిచేశాను. పల్లేరు గారి కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఒక మాట. మా పనిలో జబ్బు పేరు చెప్పడం చివరి సంగతి. ఎక్కువ సమయం వినడమే. ఎదుటి మనిషి ఏ మాట దగ్గర ఆగారు, ఏ మాట రెండుసార్లు వాడారు, ఎవరి పేరు చెప్పకుండా దాటేశారు అని వినడం. కవిత్వం చదివేటప్పుడు మీరు చేసేదీ అదే.

అద్దం అంటే అందరూ లకాన్‌నే తలుస్తారు. పసిబిడ్డ అద్దంలో తన ప్రతిబింబం చూసి ‘ఇదే నేను’ అని మురిసిపోవడం, అక్కడి నుంచే మనిషి ‘నేను’ ఒక బొమ్మ మీద నిలబడడం గురించి ఆయన చెప్పిన మాట నిజమే. కానీ డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు 1967లో ఇంకో మాట అన్నాడు: అద్దానికి ముందు తల్లి ముఖం ఉంది. బిడ్డ తల్లి ముఖంలోకి చూసినప్పుడు తననే చూసుకుంటుంది, ఎందుకంటే తల్లి బిడ్డను ఎలా చూస్తోందో అదే ఆమె ముఖంలో కనిపిస్తుంది. తల్లి ముఖం మూసుకుపోయి ఉంటే బిడ్డకు అక్కడ తాను కనిపించదు. పురుడు పోసుకున్న తరువాత దిగులులో కూరుకుపోయిన తల్లుల ఒళ్లో పిల్లలు పక్కకు చూడడం నేను ఎన్నోసార్లు చూశాను.

దీన్ని విన్నికాట్ కంటే ముందు, షెల్లీకి ముందు తరం కవి వర్డ్స్‌వర్త్ రాశాడు. తన జీవితం మీద రాసుకున్న ‘ప్రెల్యూడ్’ కావ్యం రెండో భాగంలో, తల్లి చేతుల్లోని పసిబిడ్డ ఆమె కళ్లలోంచి అనుభూతిని పుణికి పుచ్చుకుంటుందంటాడు. లోకంతో ఆ బిడ్డకు మొదటి బంధం అదేనంటాడు. వర్డ్స్‌వర్త్‌కు తల్లి పోయింది 1778లో, ఎనిమిదో ఏడు నిండకముందే. పసిబిడ్డ ఘట్టం అయిన వెంటనే ఏం రాశాడో చూడండి: తెలియని కారణాల వల్ల మనసుకు కలత వచ్చింది, ఒంటరిగా మిగిలాను, ఎందుకో తెలియకుండానే కంటికి కనిపించే లోకాన్ని వెతుక్కుంటూ, నా మమతల ఆసరాలు తీసేశారు, అయినా కట్టడం నిలబడింది. తల్లి పోయిందని అక్కడ చెప్పడు. ‘తెలియని కారణాలు’ అంటాడు. నాకు ఆ పంక్తి దగ్గర ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.


తెల్లగన్నేరు
మంగళవారం, మధ్యాహ్నం 2:20

అందరూ మేలిముసుగు కన్య గురించే మాట్లాడుతున్నారు. ఆ కావ్యంలో ఇంకో ఆడపిల్ల ఉంది. ఆమె గురించి ఎవరైనా ఎత్తుతారేమోనని నిన్నటి నుంచీ చూస్తున్నాను.

కాశ్మీరుకు చేరకముందు, అరబ్బు కన్య ఒకతె అతనికి తిండి తెచ్చి పెడుతుంది. పదకొండు పంక్తులు మాత్రమే. తండ్రి గుడారం నుంచి తెచ్చేది ఏమిటో గమనించండి: ఆ పూటకు తనకు వచ్చిన వాటా. అంటే తన కడుపు మాడ్చుకుని అతనికి పెడుతోంది. తన చాప తెచ్చి అతనికి పరుస్తుంది. ఇంటి పనుల నుంచి, నిద్ర నుంచి సమయం దొంగిలించి వస్తుంది. ప్రేమ ఉంది, భయభక్తుల వల్ల నోరు పెగలదు. రాత్రంతా మేలుకుని, నిద్రలో విచ్చుకున్న అతని పెదవులను, వాటిలోంచి లయగా వచ్చే ఊపిరిని చూస్తూ కూర్చుంటుంది. ఎర్రటి ఉదయం పాలిపోయిన చంద్రుణ్ణి మరింత పాలిపోయేలా చేసినప్పుడు, తడబడుతూ, రొప్పుతూ తన చల్లటి ఇంటికి వెళ్లిపోతుంది.

అతను ఆమెను ఒక్కసారైనా చూసినట్టు కావ్యంలో లేదు.

నీలిసిరా గారూ, మీరు చెప్పిన 1914 వ్యాసంలోనే ఫ్రాయిడ్ ప్రేమ రెండు దారుల్లో పోతుందంటాడు. ఒకటి ఆత్మరతి దారి: తాను ఏమిటో, ఒకప్పుడు ఏమిటో, ఏం కావాలనుకుంటున్నాడో దాన్ని ఇంకొకరిలో ప్రేమించడం. రెండోది ఆనుకునే దారి: తనకు అన్నం పెట్టిన స్త్రీని, తనను కాపాడిన పురుషుణ్ణి ప్రేమించడం. జర్మన్‌లో ఆయన వాడిన మాటకు అర్థం ఆనుకోవడమే. ఈ ఉదయం కాగితప్పడవ గారు ఎత్తిన వర్డ్స్‌వర్త్ ‘ఆసరాలు’ ఇక్కడ గుర్తుకు రావాలి.

‘అలాస్టర్’లో ఈ ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు వస్తారు. ముందు అన్నం పెట్టిన పిల్ల, తరువాత అతని గొంతుతో మాట్లాడే కలల పిల్ల. మొదటిదాన్ని చూడనివాడికే రెండోది కలలోకి వచ్చింది. ఇది నా ఊహ కాదు. కల అయ్యాక కావ్యమే చెబుతుంది: మనుషుల మధుర ప్రేమకు అధిదేవత, తన మేలైన కానుకలను తోసిపుచ్చినవాడి నిద్రలోకి ఈ దృశ్యాన్ని పంపింది అని. అలాస్టర్ అన్న పేరు సూచించినది షెల్లీ మిత్రుడు పీకాక్. అది నాయకుడి పేరు కాదనీ, గ్రీకులో పగ తీర్చుకునే దుష్టశక్తి అనీ ఆయనే చెప్పాడు. పగ ఎవరి తరఫున? నాకైతే ఆ తిండి తెచ్చిన పిల్ల తరఫున అనిపిస్తుంది.


నీలిసిరా
మంగళవారం, సాయంత్రం 6:05

తెల్లగన్నేరు గారూ, పదిహేనేళ్లుగా ఈ కావ్యం చెబుతున్నాను. ఆ పదకొండు పంక్తులను ‘ప్రయాణంలో ఒక చిన్న ఘట్టం’ అని దాటేస్తూ వచ్చాను. అతను చూడలేదు, అతనితో పాటు నేనూ చూడలేదు. ‘తన వాటా’ అన్న మాట ఇప్పుడు మళ్లీ తెరిచి చూశాను. అలాగే ఉంది.


పల్లేరు
మంగళవారం, రాత్రి 9:47

తెల్లగన్నేరు గారి చదువు నాకు చాలా నచ్చింది. ఒప్పుకోకుండా ఉండలేను. కానీ ఫ్రాయిడ్ వేసిన రెండు దారుల గీత షెల్లీ దగ్గర నిలుస్తుందా అని ఒక సందేహం.

1818లో షెల్లీ ‘ప్రేమ గురించి’ అని ఒక చిన్న వ్యాసం రాశాడు. రెండు మూడు పేజీలు ఉంటుంది. అందులో, పుట్టిన క్షణం నుంచి మనలో ఏదో తన పోలిక కోసం దాహపడుతూ ఉంటుందంటాడు. మన ఆత్మలోపల ఇంకో ఆత్మ ఉందనీ, అది మనలోని మంచిని మాత్రమే చూపే అద్దమనీ అంటాడు. ఇంతవరకూ మీరు చెప్పిన ఆత్మరతే. కానీ ఆ మధ్యలో ఒక వాక్యం ఉంది: పసిబిడ్డ తల్లి రొమ్ము నుంచి పాలు తాగడం కూడా బహుశా ఈ నియమం ప్రకారమే.

చూశారా? పోలిక కోసం దాహం, పాల కోసం దాహం ఒకటే అంటున్నాడు. ఫ్రాయిడ్ అన్నం పెట్టేవారిని ఒక దారిలో, తన పోలికను ఇంకో దారిలో పెట్టాడు. షెల్లీకి పాలలోనే పోలిక ఉంది. అలాంటప్పుడు ఆ యువకవి ‘ఆత్మరతి’లో పడినవాడు అనడం సగమే. తనకు కావలసిన రెండూ ఒకే మనిషి దగ్గర ఉండేవని మరిచిపోయి, వాటిని రెండుగా చీల్చుకున్నవాడు అనాలి. పాలు గుడారంలో, పోలిక కలలో.


కాగితప్పడవ
మంగళవారం, రాత్రి 10:15

పల్లేరు గారూ! మీరు విన్నికాట్ చెప్పిన దగ్గరికే వచ్చారు. తల్లి ముఖమే మొదటి అద్దం అంటే అర్థం అదే కదా. పాలు ఇచ్చేది, పోలిక చూపించేది ఒకే మనిషి, ఒకే సమయంలో. బిడ్డ పాలు తాగుతూ పైకి చూస్తుంది. ఆ చూపు మీరు ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? కళ్లు తిప్పదు.

కావ్యం మొదలవుతూనే కథకుడు ఎవరిని పిలుస్తున్నాడో కూడా గుర్తు చేసుకోండి. ‘లోతు తెలియని ఈ లోకపు తల్లీ, నా పాటను కరుణించు, నిన్నే ఎప్పుడూ ప్రేమించాను, నిన్నొక్కదాన్నే’ అంటాడు. ఆ తల్లి నీడను, ఆమె అడుగుల చీకటిని చూస్తూ వచ్చానంటాడు. ముఖం చూశానని ఎక్కడా అనడు. ఆమె గుట్టు తెలుసుకోవడానికి శవాలు దాచే చోట కూడా పడుకున్నాడు. ముఖం కనిపించని తల్లితో మొదలై, ముసుగు వేసుకున్న కన్య దాకా వచ్చిన కావ్యం ఇది.

ఒక సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి చెబుతున్నాను. 1815 ఫిబ్రవరిలో షెల్లీ సహచరి మేరీ నెలలు నిండకుండా ఒక పాపను కన్నది. కొద్ది రోజులకే ఆ పాప పోయింది. మార్చి 19న డైరీలో రాసుకుంది: పాప మళ్లీ బతికినట్టు కల వచ్చింది, చలికి చల్లబడిందంతే, నిప్పు దగ్గర పెట్టి రుద్దితే బతికింది, మెలకువ వచ్చి చూస్తే పాప లేదు. అదే ఏడాది చివర్లో ఆమెతో కలిసి ఉంటున్న షెల్లీ, కల నుంచి లేచి చూస్తే ఎవరూ లేని మనిషి గురించి రాశాడు. దీని వల్ల అది వచ్చిందని నేను అనడం లేదు. రెండు మెలకువలూ పక్కపక్కన ఉన్నాయి, అంతే.


మున్నేటి ఒడ్డు
బుధవారం, ఉదయం 8:30

పెద్దవాణ్ణి, మెల్లగా చదువుతాను. చర్చ ఇంత లోతుకు వెళ్లినందుకు సంతోషం.

కాశ్మీరు గురించి ఒక మాట. షెల్లీ మన దేశం ఎప్పుడూ రాలేదు. 1811లో సిడ్నీ ఓవెన్‌సన్ అనే ఐరిష్ రచయిత్రి ‘ది మిషనరీ’ అనే నవల వేసింది. లక్సిమా అనే కాశ్మీర పూజారిణి అందులో నాయిక. పద్దెనిమిదేళ్ల షెల్లీ ఆ నవల చదివి ఊగిపోయాడు. లక్సిమా దేవత అనీ, ఇలాంటి ఊహలకు శరీరం ఇవ్వలేకపోవడం ఎంత విచారమో అనీ మిత్రుడు హాగ్‌కు రాశాడు. నాలుగేళ్ల తరువాత కాశ్మీర లోయలోనే ముసుగు కన్య కలలోకి వచ్చింది. అంటే అతని ఆత్మలోంచి పుట్టిందనుకున్న కన్య, ఇంకొకరు రాసిన పుస్తకం నుంచి కూడా వచ్చింది. మన కోరిక మనదేనని నమ్ముతాం. అది ఎవరో ఎప్పుడో మన చేతిలో పెట్టినదై ఉంటుంది.

ఇది మన భావకవులకు కూడా వర్తిస్తుంది. కృష్ణశాస్త్రి గారిని ‘ఆంధ్రా షెల్లీ’ అన్నారు. 1925లో ‘కృష్ణపక్షం’ వచ్చాక ఒక తరం కుర్రవాళ్లంతా కనిపించని ప్రేయసి కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. రాయప్రోలు వారి అమలిన శృంగారం, అంటే శరీర వాంఛ అంటని ప్రేమ, అప్పటికే దారి వేసి ఉంది. ఆ ప్రేయసికి చాలాచోట్ల పేరు లేదు, ఊరు లేదు. మా నాన్నగారు ఆ తరంవారు. ఆ పద్యాలు కళ్లు మూసుకుని చదివేవారు. వంటింట్లో నుంచి మా అమ్మ మూడుసార్లు భోజనానికి పిలిచేది. నాకు ఎనిమిదేళ్లప్పటి సంగతి. తెల్లగన్నేరు గారు రాసింది చదివాక రాత్రి అదే గుర్తుకు వచ్చింది.

అదే కాలంలో నండూరి వారి ఎంకి కూడా ఉంది. ఆమె కూడా కవి ఊహే. కానీ ఆమెకు పేరు ఉంది, అలక ఉంది, నాయుడుబావతో ఎదురు మాట్లాడుతుంది. ఊహలోని మనిషైనా ఎదురు చెప్పగలిగితే అది వేరే ప్రేమ అని నాకు అనిపిస్తుంది.


దూరతీరం
బుధవారం, రాత్రి 11:20

నేను లండన్‌లో ఉంటాను. కిందటి ఏడాది రోముకు వెళ్లినప్పుడు, షెల్లీ కాలపు కవే అయిన కీట్స్ చనిపోయిన ఇల్లు చూశాను. స్పానిష్ మెట్ల పక్కనే ఉంటుంది. గది చాలా చిన్నది. కిటికీ దగ్గర నిలబడితే మెట్ల మీద జనం నవ్వులు వినిపిస్తాయి. 1821 ఫిబ్రవరి 23న ఆ గదిలో పాతికేళ్ల మనిషి ఊపిరితిత్తుల క్షయతో పోయాడు. తరువాత సమాధి దగ్గరకు వెళ్లాను. రాతి మీద అతని పేరు లేదు. ‘నీటి మీద పేరు రాసుకున్నవాడు ఇక్కడ పడుకున్నాడు’ అని ఉంది. అలాగే ఉండాలని అతనే కోరాడు.

‘నేను’ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. షెల్లీ కవి ప్రతిచోటా తననే చూస్తాడు. కీట్స్ దానికి పూర్తిగా వ్యతిరేకం. కవికి తనదంటూ అస్తిత్వం లేదని 1818 అక్టోబరులో మిత్రుడు వుడ్‌హౌస్‌కు రాశాడు. గదిలో నలుగురు ఉంటే ఒక్కొక్కరి అస్తిత్వం తన మీద ఒత్తిడి తెచ్చి కాసేపటికి తాను లేకుండా పోతానంటాడు. దీన్ని అందరూ గొప్ప కవితా సిద్ధాంతంగా ఉదహరిస్తారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తరువాత ఉత్తరాలన్నీ వరుసగా చదివాను. ఒక నెల ముందు, సెప్టెంబరులో, ఇంకో మిత్రుడు డిల్క్‌కు రాసిన ఉత్తరంలో అదే మాట ఉంది. తమ్ముడు టామ్ క్షయతో మంచంలో ఉన్నాడు. ‘వాడి అస్తిత్వం రోజంతా నన్ను ఒత్తుతోంది, బయటికి వెళ్లక తప్పడం లేదు’ అని రాశాడు. వాడి ముఖం, గొంతు, నీరసం నుంచి తప్పించుకోవడానికి కవిత రాయక తప్పడం లేదంటాడు. డిసెంబరు 1న టామ్ పోయాడు. పద్నాలుగో ఏట తల్లికి కూడా ఇలాగే దగ్గరుండి సేవ చేశాడు. ఆమెదీ అదే జబ్బు.

సిద్ధాంతం అనుకున్నది రోగి మంచం పక్కన పుట్టిన మాట. ఇది తెలిశాక ఆ ఉత్తరం నాకు చిన్నది కాలేదు, బరువెక్కింది.


రాత్రిబడి
గురువారం, ఉదయం 7:40

దూరతీరం గారూ, మీది చదివాక కీట్స్ ‘నైటింగేల్’ గీతం మళ్లీ తీశాను. ఆ పిట్ట పాటలో కలిసిపోవాలని ఏడు చరణాలు ప్రయత్నిస్తాడు. మద్యంతో కాదు, కవిత్వం రెక్కల మీద వెళతానంటాడు. వెళ్లినట్టే ఉంటుంది. అంతలో ‘ఎవరూ లేని’ అన్న అర్థం వచ్చే మాట ఒకటి అతని కలం నుంచే వస్తుంది. ఆ మాట గంటలా మోగి అతన్ని తిరిగి తన ఒంటరి ‘నేను’ దగ్గరకు లాక్కొస్తుంది.

కోరికను మాటల్లో పెట్టగానే కొంత మిగిలిపోతుందని లకాన్ అన్నది నాకు ఇక్కడే మొదటిసారి అర్థమైంది. అతన్ని పిట్ట వదిలిపెట్టలేదు. సొంత మాటే వెనక్కి తెచ్చింది.


కాగితప్పడవ
గురువారం, మధ్యాహ్నం 1:15

కీట్స్ మా వృత్తికి ఇచ్చినది కూడా చెప్పాలి. 1817 డిసెంబరులో తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో, అనిశ్చయంలో, సందేహంలో, తొందరపడి కారణం కోసం చేయి చాచకుండా ఉండగలగడం గురించి రాశాడు. విల్‌ఫ్రెడ్ బయాన్ అనే మనోవిశ్లేషకుడు 1970లో ఆ మాటను తీసుకుని, రోగి ఎదుట కూర్చునేవాడికి కావలసింది ఇదే అన్నాడు. బయాన్ మన మధురలో పుట్టినవాడు.

పల్లేరు గారూ, మీరు మొదట అడిగిన దానికి ఇదే నా జవాబు. కవిని ఎలా వినాలో మాకు నేర్పింది కూడా ఒక కవే.


పల్లేరు
గురువారం, రాత్రి 8:50

ఒప్పుకుంటున్నాను. నా పక్షాన ఒక చివరి కాగితం మాత్రం పెడతాను.

1821లో షెల్లీ పీసాలో, కాన్వెంటులో ఉంచిన ఎమీలియా వివియానీ అనే అమ్మాయి మీద ‘ఎపిసైకిడియన్’ రాశాడు. ‘నా ఆత్మలోంచి పుట్టిన ఆత్మ’ అన్నాడు ఆమెను. అలాస్టర్ కల మళ్లీ వచ్చింది, ఈసారి ముఖం ఉన్న మనిషి మీద. ఏడాది తిరిగాక, 1822 జూన్ 18న, మిత్రుడు గిస్‌బోర్న్‌కు రాశాడు: ఆ కావ్యాన్ని నేను చూడలేను, నేను పొగిడినది జూనో దేవత కాదు, ఆమె అనుకున్న మేఘం, మనం ఎప్పుడూ ఏదో ఒకదానితో ప్రేమలోనే ఉంటాం, బహుశా శాశ్వతమైన దాని పోలికను చనిపోయే మనిషి రూపంలో వెతకడమే పొరపాటు, రక్తమాంసాల్లో ఉన్నవారికి అది తప్పించుకోవడం సులభం కాదని ఒప్పుకుంటున్నాను.

మూడు వారాలకు, జులై 8న, సముద్రంలో మునిగి పోయాడు. ముప్ఫై ఏళ్లు నిండలేదు. తన కోరికను ఇంతకంటే బాగా ఎవరు విశ్లేషించారు? కానీ ఆ ఉత్తరంలో కూడా ఎమీలియా మేఘమే. ఆమెకు ఏమయింది అన్న ప్రశ్న లేదు. తెల్లగన్నేరు గారు నేర్పకపోతే ఈ సంగతి నాకు కనిపించేది కాదు.


నీలిసిరా
శుక్రవారం, సాయంత్రం 5:30

ఈ రోజు తరగతిలో ‘ఆత్మరతి’ అన్న మాటను బోర్డు మీద మళ్లీ రాసి, ఆ రోజు తొందరపడ్డానని పిల్లలకు చెప్పాను. తరువాత ఏమీ వివరించకుండా అరబ్బు కన్య పంక్తులు పదకొండూ తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు తరగతి చాలా నిశ్శబ్దంగా ఉంది.

ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నాను. ఆ వెనక బెంచీ అమ్మాయే లేచింది. “మేడమ్, మర్నాడు ఆమె మళ్లీ తిండి తీసుకుని వచ్చిందా?”

పుస్తకంలో చూడమన్నాను. వేలు పెట్టి కింది పంక్తి చదివింది. ఆమె తన చల్లటి ఇంటికి వెళ్లిపోయింది అన్న వాక్యం అక్కడ ముగుస్తుంది. తరువాతి పేరా ‘కవి ముందుకు సాగిపోతూ’ అని మొదలవుతుంది. ఆ అమ్మాయి ఆ రెండు పేరాల మధ్య ఖాళీలో పెన్సిలుతో ఒక చిన్న గీత గీసి కూర్చుంది.